టంకం పారడం లేదంటే తప్పు మంట దగ్గర లేదు

మీరు చెప్పింది ఇదీ. ఉద్యోగం చేసుకుంటూ వారానికి ఒక సాయంత్రం, రెండున్నర గంటల చొప్పున, పది వారాల నగల తయారీ క్లాసులో చేరారు. నాలుగు వారాలు గడిచాయి. పక్క బల్ల దగ్గరావిడ రెండో ఉంగరం మొదలుపెట్టారు, మీ మొదటి వెండి ఉంగరానికి ఇంకా అతుకే పడలేదు. రంపం బ్లేడ్లు డజనుకు పైగా విరిగాయి. టంకం, అంటే లోహపు అంచుల్ని అతకడానికి కరిగించే మిశ్రలోహం, పూసలా గుండ్రంగా చుట్టుకుని ఒక పక్కన కూర్చుంటోంది తప్ప సందులోకి పారడం లేదు. మూడోసారి మంట పెంచితే ఉంగరం అంచే కరిగిపోయింది. ఆఖరి వారానికల్లా మీ అమ్మగారి ముత్యాన్ని ఒక ఉంగరం మీద పెట్టుకోవాలని మీ కోరిక. నలభై ఆరేళ్ల వయసులో చేతులు కొత్త పని పట్టుకుంటాయా, ఇంట్లోకి లోహం కాచే గ్యాసు టార్చ్ ఒకటి కొనుక్కుని సాధన చేస్తే బాగుపడుతుందా అని అడిగారు.

చేతుల సంగతి ముందు చెప్తాను. నేను ముప్ఫై ఎనిమిదో ఏట ఇలాంటి సాయంకాలం క్లాసులోనే మొదలుపెట్టాను. పద్నాలుగేళ్లుగా అలాంటి క్లాసులే చెప్తున్నాను. అరవై దాటాక వచ్చి, ఏడాది తిరిగేసరికి రాళ్లు పొదిగినవాళ్లు నా దగ్గర ఉన్నారు. ఈ పనికి వేళ్ల వేగం అక్కర్లేదు. నలభై దాటినవాళ్లు చాలామంది చెయ్యి వణుకుతోందని నాతో అంటారు. తలకు తగిలించుకునే భూతద్దం ఇచ్చి మళ్లీ చెయ్యమంటే ఆ వణుకు చాలావరకు పోతుంది. దగ్గరి చూపు తగ్గినప్పుడు గీత సరిగ్గా కనబడదు, కనబడని గీత మీద చెయ్యి తడబడుతుంది. మీ క్లాసులో అలాంటి భూతద్దం ఉంటే రేపే అడగండి. బల్ల మీద దీపం మీ పనిముట్టు నీడ గీత మీద పడకుండా ఎదుటి పక్కనుంచి వచ్చేలా తిప్పుకోండి.

టార్చ్ మాత్రం ఇప్పుడు కొనకండి. గ్యాసు, గాలి ఆడని గది లాంటి భయాలు ఒకెత్తు. అసలు కారణం వేరే ఉంది. మంట దగ్గర బయటపడే తప్పుల్లో చాలావాటిని మనం అంతకు గంట ముందే, ఆకురాయి చేతిలో ఉన్నప్పుడే చేసి ఉంటాం. ఇంట్లో టార్చ్ ఉంటే అవే తప్పుల్ని రోజూ వేడి చేసుకుంటూ కూర్చుంటారు. మీకిప్పుడు కావలసిన సాధన అంతా చల్లటి లోహం మీద చేసేదే. కొయ్యడం, ఆకురాయి పట్టడం, వంచడం, మూయడం. అవి ఇంట్లో ఒక బల్ల అంచున చేసుకోవచ్చు.

అతుకు దగ్గర మొదలుపెడదాం. టంకం సందును నింపుతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. టంకం నింపదు, పాకుతుంది. రెండు ముఖాలు వెంట్రుక కూడా దూరనంత దగ్గరగా ఆనుకుని ఉంటే, కరిగిన టంకం వాటి మధ్యకు తనంతట తానే లాక్కుపోతుంది. గుడ్డ అంచు నీళ్లలో తగిలితే తడి పైకి పాకినట్టే ఇదీ. సందు వెడల్పయితే ఆ లాగుడు ఉండదు. టంకం దగ్గర్లో ఉన్న ముఖం మీద పరుచుకుని ఆగిపోతుంది. మనం అది చాలలేదనుకుని ఇంకో ముక్క వేస్తాం, మంట పెంచుతాం, అంచు కరుగుతుంది. మీకు జరిగింది సరిగ్గా ఇదేనని అనుకుంటున్నాను.

కాబట్టి మంట దగ్గరికి వెళ్లేముందు ఉంగరాన్ని దీపానికి అడ్డంగా పట్టుకుని అతుకులోంచి చూడండి. సన్నటి వెలుగు గీత కనిపించినా వెనక్కి రండి. పైనుంచి మూసుకున్నట్టు కనబడి లోపలి వైపు తెరుచుకుని ఉండే అతుకులు చాలా ఎక్కువ. అందుకే రెండు వైపుల నుంచీ చూడాలి. వంచకముందే రేకు చివర్లు రెండూ పొడవు అంచుకు లంబంగా ఉన్నాయో లేదో చిన్న మూలమట్టం పెట్టి సరిచూసుకోవాలి. ఆకురాయి ముందుకు తోసేటప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు నొక్కి పెడితే పళ్లు మొద్దుబారడం, అంచు గుండ్రం తిరగడం తప్ప ఒరిగేది లేదు. తోసేటప్పుడు నొక్కండి, వచ్చేటప్పుడు పైకెత్తండి.

మూసే పద్ధతి కూడా ఒకటుంది. చివర్లను ఎదురెదురుగా నొక్కితే కాస్త వదలగానే విడిపోతాయి. లోహం వెనక్కి ఎగురుతుంది. ఒక చివరను రెండోదాని పక్కనుంచి కొంచెం దాటించండి, తర్వాత అవతలి పక్కనుంచి దాటించండి, అప్పుడు వెనక్కి లాగి ఎదురెదురుగా నిలపండి. అప్పుడు అవే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ మూసుకుని ఉంటాయి. ఈ దశలో ఉంగరం గుండ్రంగా ఉండక్కర్లేదు. అతుకు దగ్గర చదునుగా ఉంటే ఇంకా మంచిది. గుండ్రం చెయ్యడం అతికిన తర్వాత, కడ్డీ మీద తోలు సుత్తితో చేసే పని. చాలామంది ముందే ఉంగరాన్ని అందంగా గుండ్రం చేసి అతుకును పాడుచేసుకుంటారు.

అప్పటికీ వెలుగు కనబడితే, మూసిన సందులోంచే రంపం బ్లేడు నడపండి. బ్లేడు రెండు ముఖాలనూ ఒకేసారి కోస్తుంది కాబట్టి అవి తప్పకుండా సమాంతరంగా వస్తాయి. మళ్లీ మూయండి, మళ్లీ చూడండి. నాకు ఈ ఒక్క కిటుకు తెలిశాక అతుకుల మీద భయం పోయింది. 2/0 అనే సైజు బ్లేడు మందం పావు మిల్లీమీటరు పైచిలుకు. అంటే ప్రతి కోతకూ ఉంగరం పొడవులో అంత తగ్గుతుంది. అందుకే రేకును అర మిల్లీమీటరు ఎక్కువగానే కోసుకోండి.

పొడవు ఎలా లెక్కపెట్టాలో ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ పొరపాటు వల్ల వెండి వృథా అవుతుంది. లోపలి వ్యాసానికి రేకు మందం కలిపి 3.1416తో గుణించాలి. లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లు, మందం 1.2 అయితే 18.2ను గుణించాలి, సుమారు 57.2 మిల్లీమీటర్లు వస్తుంది. మందం కలపడం మరిచిపోతే 53.4 వస్తుంది. దాదాపు 4 మిల్లీమీటర్ల తేడా అంటే ఉంగరం వేలికే ఎక్కదు. పట్టీ వెడల్పుగా ఉంటే ఇంకొంచెం వదులు కావాలి.

ఇప్పుడు మంట. వెండి లోహాలన్నిటిలోకీ వేడిని బాగా పంచే లోహం. ఒక మూల వేడి పెడితే అది ఉంగరమంతా పరుగెడుతుంది. అందువల్ల అతుకును మాత్రమే వేడి చేస్తానంటే కుదరదు. ఉంగరమంతా ఆ వేడికి రావాలి. టంకం ఎప్పుడూ వేడి ఎక్కువున్న వైపుకే పారుతుంది. మంటను టంకం ముక్క మీదకే గురిపెడితే ముక్క కరుగుతుంది, కింద లోహం ఇంకా చల్లగానే ఉంటుంది. చల్లటి లోహాన్ని అది తడపలేదు, గుండ్రంగా ముడుచుకుంటుంది. మీ పూసకు మొదటి కారణం ఇది. రెండో కారణం మురికి. వేలిముద్రలోని జిడ్డు చాలు. అతుకు ముఖాలను ఎమరీ పేపరుతో రుద్దాక మళ్లీ వేలితో ముట్టుకోవద్దు.

స్టెర్లింగ్ వెండి అంటే 92.5 శాతం వెండి, మిగతాది ఎక్కువగా రాగి. అది సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరగడం మొదలుపెట్టి 893కి పూర్తిగా నీరవుతుంది. మొదటి అతుకుకు వాడే గట్టి టంకం, తయారీదారును బట్టి, 775 నుంచి 790 మధ్య పారుతుంది. అంటే టంకం పారడానికీ, ఉంగరం తడిసినట్టు మెరిసి అంచు కుంగడానికీ మధ్య ఉన్నది కొద్ది డిగ్రీలే. మీ ఉంగరం కరిగిందంటే మీరు చేతకానివారని కాదు, ఆ రెండు వేడిల మధ్య ఎడం అంత ఇరుకైనదని. సులువు టంకం 710, 725 మధ్యలోనే పారుతుంది కాబట్టి మొదట దానితోనే చేద్దామనిపిస్తుంది. అయితే ముత్యం కోసం మీరు తర్వాత ఇంకో అతుకు వెయ్యాలి. మొదటి అతుకు దానికంటే ఎక్కువ వేడికి కరిగేదై ఉండాలి. అందుకే గట్టిది ముందు, మధ్యస్థం తర్వాత, సులువుది చివర.

వేడిని థర్మామీటరుతో కొలవం, వెలిగారంతో, అంటే అతికేముందు లోహానికి పూసే బోరాక్స్‌తో, కొలుస్తాం. పూసిన వెలిగారంలో ముందు నీళ్లు ఆవిరవుతాయి. అది తెల్లగా పొంగుతుంది. ఈ పొంగుడులో టంకం ముక్క పక్కకు జరిగిపోతుంది కాబట్టి మొదటి అర నిమిషం మంట దూరంగా, మెల్లగా ఉండాలి. తర్వాత పొంగు అణిగి, గాజులా తేటపడి లోహాన్ని అంటుకుంటుంది. నీరు పోయిన వెలిగారం కరగడానికే 740 డిగ్రీలు దాటాలి. అంటే అది గాజయిన క్షణానికి మీరు గట్టి టంకం పారే వేడికి చాలా దగ్గర్లో ఉన్నట్టు. రెడీమేడ్ పేస్టు వాడుతుంటే అది ఇంకా తక్కువ వేడికే తేటపడుతుంది. మీ క్లాసులో ఏది వాడుతున్నారో అడిగి తెలుసుకోండి. ఆ క్షణం నుంచి మీ చూపు టంకం మీద తప్ప ఇంకెక్కడా ఉండకూడదు. అతుకు వెంబడి ఒక మెరుపు గీత పరుగెత్తుతుంది. అది కనబడగానే మంట తీసేయండి.

నేను నేర్పే పద్ధతిలో ఒక మిల్లీమీటరు టంకం ముక్కను ఇటుక మీద పెట్టి, ఉంగరం అతుకు సరిగ్గా దాని మీద ఆనేలా నిలబెడతాం. మంట పైనుంచి, అతుకుకు ఎదుటి వంపు నుంచి మొదలై రెండు పక్కలా కిందకు వస్తుంది. లోహం వేడెక్కి టంకాన్ని కిందనుంచి పైకి లాక్కుంటుంది. మంట మరీ సూదిగా, చప్పుడు చేస్తూ ఉండకూడదు. మెత్తగా, పొదలా ఉండాలి. లోపలి నీలి శంకువు కొసకు కాస్త అవతల అన్నిటికంటే ఎక్కువ వేడి ఉంటుంది. కొత్తవాళ్లు చాలామంది ఆ శంకువునే లోహానికి ఆనించి, ఇంకా వేడెక్కడం లేదేమని ఎదురుచూస్తుంటారు. ఉంగరాన్ని స్టీలు పట్టకారుతో పట్టుకుని వేడి చేస్తే ఆ పట్టకారు కూడా వేడిని తాగేస్తుంది. ఇటుక మీద నిలబెట్టడం నయం.

ఒకసారి పారకపోతే నిమిషాల తరబడి మంట పెట్టి బతిమాలకండి. టంకంలో జింకు ఉంటుంది. ఎక్కువసేపు కాలితే జింకు ఆవిరై పోయి, టంకం కరిగే వేడి పైకి జరుగుతుంది. రెండో నిమిషంలో కరగనిది ఐదో నిమిషంలో ఇంకా మొండిగా ఉంటుంది. ఆపండి, చల్లార్చండి, ఆమ్లపు నీళ్లలో శుభ్రం చెయ్యండి, పాత టంకాన్ని ఆకురాయితో తీసేసి అతుకు మళ్లీ చూడండి. ఇలా వెనక్కి వెళ్లడానికి పది నిమిషాలు పడుతుంది. ఉంగరం కరిగితే మొత్తం సాయంత్రం పోతుంది.

ఇక రంపం. డజను బ్లేడ్లు విరగడం గురించి మనసు కష్టపెట్టుకోకండి. వాటిని డజన్ల లెక్కన, 144ల లెక్కన అమ్మేది అందుకే. కానీ ఎందుకు విరిగాయో ఒక్కొక్కదానికీ చెప్పగలగాలి. వంపు తిరిగేచోట విరిగిందా? అక్కడ ముందుకు తొయ్యడం ఆపి, ఉన్నచోటే పైకీ కిందకీ ఆడిస్తూ రేకును మెల్లగా తిప్పాలి. బ్లేడు ఇరుక్కుని విరిగిందా? రంపం నిటారుగా లేదు, ముందుకో పక్కకో వాలింది. బిగించగానే విరిగిందా? పళ్లు కిందకు, మీ నుంచి అవతలి వైపుకు ఉండాలి. ఫ్రేమును బల్లకు ఆనించి రొమ్ముతో నొక్కి, ఆ నొక్కుడులోనే బ్లేడు బిగించాలి. వేలితో మీటితే తీగలా టింగుమని మోగాలి. మొద్దుగా మోగితే వదులుగా ఉన్నట్టు, వదులు బ్లేడు గీత తప్పుతుంది, విరుగుతుంది కూడా. రేకు ఎంత సన్నగా ఉంటే అంత సన్నటి పళ్ల బ్లేడు ఎంచుకోవాలి. 0.8 మిల్లీమీటర్ల రేకుకు 2/0 సరిపోతుంది. పిడిని గట్టిగా పట్టుకోవద్దు. మీ పిడికిలి తెల్లబడుతోందంటే రంపాన్ని మీరు తోస్తున్నారు. అది తన బరువుతోనే కోస్తుంది. కుర్చీ కిందకు దించి, పని మీ రొమ్ము ఎత్తుకు వచ్చేలా కూర్చోండి. ఈ ఒక్క మార్పుతో సగం బ్లేడ్లు మిగులుతాయి.

లోహాన్ని కాచి మెత్తబరచడం గురించి మీరు అడగలేదు గానీ, అతుకు మూసుకోకపోవడానికి అది కూడా కారణం అయ్యుండొచ్చు. వంచినకొద్దీ, కొట్టినకొద్దీ వెండి గట్టిపడుతుంది. గట్టిపడ్డ ఉంగరం మూయబోతే ఎదురు తిరుగుతుంది. అందుకే వంచకముందు 600, 650 డిగ్రీల మధ్యకు కాచాలి. మసక వెలుతురులో చూస్తే అప్పుడు లోహం ముదురు ఎరుపులో ఉంటుంది. పర్మనెంట్ మార్కరుతో ఒక గీత గీసి వేడి చేస్తే, ఆ గీత మాయమయ్యే వేళకు దాదాపు ఆ వేడి వచ్చినట్టు. ఎరుపు పోయాక నీళ్లలో ముంచాలి. కంసాలులకు వేల ఏళ్లుగా చేతితో తెలిసిన ఈ సంగతికి కారణం 1934లో గానీ శాస్త్రవేత్తలకు దొరకలేదు. జెఫ్రీ టేలర్, ఎగాన్ ఒరోవాన్, మైఖేల్ పొలాన్యీ ఎవరికి వారే విడిగా దాన్ని వివరించారు. లోహపు స్ఫటికాల వరసల్లో చిన్న చిన్న తప్పిన గీతలుంటాయి. అవి జరగబట్టే లోహం వంగుతుంది. వంచేకొద్దీ అవి పెరిగి ఒకదానికొకటి చిక్కుపడి జరగలేకపోతాయి. కాచినప్పుడు ఆ చిక్కులు విడి కొత్త స్ఫటికాలు పుడతాయి. ఇది తెలిసిన రోజున నా చేతిలో రేకు ఎందుకు మొండికేస్తోందో మొదటిసారి అర్థమైంది. అప్పటినుంచి దానితో బలవంతం చెయ్యడం మానేశాను.

ఇంట్లో సాధనకు కావలసినవి కొద్దిగానే. రంపం ఫ్రేము, మూడు డజన్ల 2/0 బ్లేడ్లు, బల్ల అంచుకు బిగించే కొయ్య పలక, ఒక పక్క చదును ఒక పక్క వంపు ఉన్న మధ్యరకం ఆకురాయి, ఎమరీ పేపర్లు, స్టీలు స్కేలు, మూలమట్టం, కళ్లకు రక్షణగా కళ్లద్దాలు. లోహం రాగి, 0.8 మిల్లీమీటర్ల రేకు, దాంతోపాటు ఉంగరాల కోసం 1.2 మందం ఉన్న పట్టీ. వారంలో మూడు రోజులు, ఇరవై నిమిషాలు చాలు. రెండు మిల్లీమీటర్ల ఎడంతో గీతలు గీసి, గీత చెరిగిపోకుండా దాని పక్కనే కొయ్యండి. తర్వాత ఉంగరాలు మూయండి. ఒక్కటే ఉంగరాన్ని వెలుగు కనబడనంతవరకు మూయడం, పది ఉంగరాలు ఉజ్జాయింపుగా మూయడం కంటే ఎక్కువ నేర్పుతుంది.

రాగే ఎందుకంటున్నానంటే, అది చవకని కాదు. రాగి ఉంగరానికి వెండి టంకం వేస్తే అతుకు తెల్లగా కనబడుతుంది. అతుకు బాగుంటే వెంట్రుకంత గీత, లేకపోతే వెడల్పాటి మరక. ఎక్కడ సందు వదిలారో ఆ గీతే చూపిస్తుంది. వెండి మీద ఇదంతా దాగిపోతుంది. ఏళ్ల తర్వాత ఉంగరం అక్కడే విరిగినప్పుడు గానీ తెలియదు. పక్క బల్లావిడ రెండో ఉంగరం గురించి నాకున్న అనుమానం కూడా ఇదే. తొందరగా అయిందంటే బాగా అతికిందని కాదు. ఆ పోలిక వదిలేయండి.

క్లాసులో అన్నిటికంటే కొరతగా ఉండేది మంట దగ్గర వంతు. రెండున్నర గంటల్లో సర్దుకోవడానికి, శుభ్రం చెయ్యడానికి అరగంట పోతుంది. మిగతా సమయాన్ని పది మంది పంచుకుంటారు. అందుకని క్లాసుకు వెళ్లేటప్పుడే మూసిన రాగి ఉంగరాలు మూడు సంచిలో పెట్టుకుని వెళ్లండి. మొదటిదాన్ని అతికేటప్పుడు టీచరుగారిని పక్కన నిలబడి, ఏం కనబడుతోందో పైకి చెప్పమనండి. పొంగింది, అణిగింది, తేటపడింది, పారింది. రెండోదానికి ఆ మాటలు మీరే పైకి చెప్పండి. మీ వంతు లేనప్పుడు ఇతరుల అతుకులు చూడండి, అనుమతి అడిగి, కళ్లద్దాలు పెట్టుకుని. నేను మంటను నేర్చుకున్నది సగం అలాగే. ఒక చిన్న పుస్తకంలో ఆ రోజు వాడిన టంకం రకం, రేకు మందం, ఏం జరిగిందీ నాలుగు ముక్కలు రాసుకోండి. వారం గడిస్తే చేతికి గుర్తున్నదంతా చెదిరిపోతుంది.

ఆమ్లపు నీళ్ల గురించి ఒక మాట. పికిల్ అని పిలిచే ఆ ద్రావణంలో ఎక్కువగా ఉండేది సోడియం బైసల్ఫేట్. వేడి లోహాన్ని అందులో నేరుగా ముంచితే తుంపర్లు, పొగ పైకి లేస్తాయి. ముందు నీళ్లలో చల్లార్చాలి. ఇనుము దానికి తగలకూడదు, రాగి పట్టకారో ప్లాస్టిక్కో వాడాలి. నేర్చుకునే రోజుల్లో నేను అతుకు కదలకుండా చుట్టిన ఇనుప కట్టుతీగ విప్పకుండా ఉంగరాన్ని అందులో వేశాను. ద్రావణంలో కరిగి ఉన్న రాగి, ఆ తీగ పుణ్యాన, అందులో ఉన్న మిగతావాళ్ల వెండి నగల మీద కూడా గులాబీ రంగు పొరగా పేరుకుంది. ఆ సాయంత్రం ఆరుగురి పని మళ్లీ రుద్దాల్సి వచ్చింది. నాకు చాలా బాధేసింది. అప్పటినుంచి వేసేముందు చేతిలో ఉన్నదాన్ని తిప్పి చూసుకోకుండా వెయ్యను.

వెండి మీద బూడిద ఊదా రంగు మరకలు వస్తే టెన్షన్ పడకండి. కాచినప్పుడు ఆక్సిజన్ లోపలికి చొరబడి రాగిని ఆక్సైడుగా మార్చడం వల్ల వచ్చే మరకలివి. పైనున్న నలుపు ఆమ్లంలో పోతుంది, లోపలిది పోదు, దాన్ని ఆకురాయితోనో ఎమరీతోనో తియ్యాలి. అతికేముందు ఉంగరమంతా వెలిగారం పూస్తే చాలావరకు తగ్గుతుంది. 1990లలో మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయంలో పీటర్ జాన్స్ జెర్మేనియం కలిపి తయారుచేసిన ఆర్జెంటియం వెండికి ఈ మరక పట్టదు. అయితే అది ఎర్రటి వేడి మీద ముట్టుకుంటే విరిగే గుణం ఉన్నది. మొదటి పది వారాల్లో దాని జోలికి వెళ్లవద్దని నా సలహా.

మెరుగు పెట్టడం గురించి క్లుప్తంగా. 400, 600, 1200 నంబర్ల వరసలో ఎమరీ పట్టండి. ప్రతి దశలో దిశ మార్చి అడ్డంగా రుద్దితే ముందటి గీతలు పోయాయో లేదో కనబడుతుంది. గీతలు ఉండగా మెరుగు చక్రం దగ్గరికి వెళితే గీతలే మెరుస్తాయి.

ఆ చక్రం దగ్గర మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. క్లాసులో టార్చ్ కంటే దానికే నేను ఎక్కువ భయపడతాను. జుట్టు కట్టుకోవాలి, పొడవు చేతుల బట్టలు మడవాలి, మెడలో చేతికి ఉన్నవి తీసేయాలి. చేతులకు గ్లవ్స్ వేసుకోకూడదు, చక్రం గుడ్డను పట్టి వేలితో సహా లాగేస్తుంది. గొలుసును చక్రానికి పెట్టనే వద్దు. నగను చక్రం కింది భాగానికే ఆనించండి, జారినా మీకు దూరంగా పడుతుంది. మంట దగ్గర నైలాన్ లాంటి బట్టలు వద్దు, నూలు బట్టలే వేసుకోండి. పాత పనిముట్ల పెట్టెలో దొరికిన పేరు లేని టంకం వాడకండి, అందులో కాడ్మియం ఉండొచ్చు, దాని పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. లోపల బోలుగా, అన్ని వైపులా మూసి ఉన్నదాన్ని రంధ్రం పెట్టకుండా కాచకండి, పేలుతుంది.

ఇప్పుడు అమ్మగారి ముత్యం. ముత్యంలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. వేడికి పాడవుతుంది, ఆమ్లంలో పైపొర కరుగుతుంది, ఎమరీ దుమ్ముకు గీతలు పడుతుంది. కాబట్టి అది క్లాసు బల్ల మీదకు రావలసింది ఆఖరి గంటలోనే. అంతవరకు ఇంట్లో మెత్తటి గుడ్డలో ఉంచండి, సంచిలో పనిముట్లతో కలిపి తేవద్దు. దానికి ఇప్పటికే రంధ్రం ఉందా, ఆ పక్కనుంచి ఈ పక్కకు ఉందా, సగం వరకేనా చూసుకోండి. రంధ్రం లేకపోతే మీరు తొలవకండి, ముత్యాలు తొలిచే అనుభవం ఉన్నవాళ్లకు ఇవ్వండి.

మీకు మిగిలినవి ఆరు వారాలు. ఐదో వారం రాగి ఉంగరాలకే ఇవ్వండి. ఆరో వారం వెండి ఉంగరం గట్టి టంకంతో అతికి గుండ్రం చెయ్యండి. ఏడో వారం ముత్యం కూర్చునే చిన్న గిన్నె చెయ్యండి. సన్నటి రేకు బిళ్లను గుంటల దిమ్మ మీద గుండ్రటి కడ్డీతో కొద్దిగా పల్లం చేసి, మధ్యలో తొలిచి, ఆ రంధ్రం గుండా ముత్యం రంధ్రానికి సరిపడే తీగ ముక్కను నిలబెట్టి మధ్యస్థ టంకంతో అతకండి. ఎనిమిదో వారం ఆ గిన్నెను సులువు టంకంతో ఉంగరానికి చేర్చండి. ఈ అతుకు అన్నిటిలోకీ కష్టం. లావు ఉంగరం, చిన్న గిన్నె ఒకేసారి వేడెక్కవు. మంటను ఎక్కువసేపు ఉంగరం మీదే ఉంచి, గిన్నె మీదకు చివర్లో మాత్రమే తేవాలి. ఆ రోజు టీచరుగారిని పక్కనే ఉండమని ముందే చెప్పుకోండి. తొమ్మిదో వారం ఎమరీ, మెరుగు. ఏదైనా ఒకటి తప్పితే సరిదిద్దుకోవడానికి కూడా ఈ వారమే.

పదో వారం తీగకు ఆకురాయితో సన్నటి గాట్లు పెట్టండి, జిగురు పట్టుకోవడానికి. ముత్యాన్ని జిగురు లేకుండా ఒకసారి కూర్చోబెట్టి చూడండి. తీగ పొడవై ముత్యం గిన్నెకు ఆనకపోతే కొస కొద్దికొద్దిగా తగ్గించండి. సరిపోయాక రెండు గొట్టాల ఎపాక్సీని సమానంగా కలిపి, గుండుసూది కొసతో రంధ్రంలోకి కొంచెం, తీగకు కొంచెం రాసి కూర్చోబెట్టండి. అంచున పొంగినదాన్ని గట్టిపడకముందే తుడిచేయండి. ఆ రాత్రి వేలికి పెట్టుకోవాలనిపిస్తుంది. పెట్టుకోకండి, ముత్యం పైకి ఉండేలా ఒక గిన్నెడు బియ్యంలో గుచ్చి 24 గంటలు కదపకుండా ఉంచండి.